ఉప్పుకీ ఒక నంబరు

మొన్న మా ఇంటి తలుపు నన్ను గుర్తుపట్టలేదు. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే జరిగింది. గోల్‌బజార్‌లో అరకేజీ చేపలు కొనుక్కుని, సుభాష్‌పల్లిలో మా గేటు ముందు టోటో అనే బ్యాటరీ రిక్షా దిగి, మెట్లెక్కి, తలుపుకి బిగించిన నల్లటి అద్దం ముక్క మీద వేలు ఆనించాను. ఎర్ర దీపం వెలిగి కుయ్‌మంది. చేపల తడి అంటుకుందేమోనని వేలు కొంగుకి తుడుచుకుని మళ్ళీ ఆనించాను. మళ్ళీ కుయ్‌మంది. మూడోసారికి ఒక ఆడగొంతు, తమరెవరో తెలియడం లేదనీ, యజమాని ఫోనుకి కోడ్ పంపించామనీ ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పింది. ఈ ఇల్లు కట్టేటప్పుడు పొద్దున్నా సాయంత్రం బిందెలతో గోడలు తడిపినదాన్ని నేను. ఆ గోడకి మొన్న దసరాకి తగిలించిన తలుపు నన్ను ఎవరివని అడుగుతోంది! యజమాని అంటే మా అబ్బాయి కిరణ్. వాడు పొద్దున్న బండికి వెళ్ళి సాయంత్రం దాకా కలకత్తాలో ఆఫీసులో ఉంటాడు, మీటింగులో ఉంటే ఫోను గొంతు నొక్కేస్తాడు. మా కోడలు శ్రావణికి మేదినీపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. తాళంచెవి అనే వస్తువు మా ఇంట్లో లేదు. "అమ్మా, ఇంక తాళంచెవులు మోసే ఖర్మ నీకు లేదు" అని వాడు దసరా నాడే ప్రకటించాడు. నాకు తెలిసి తాళంచెవి బరువుకి నడుం పడిపోయినవాళ్ళు ఖరగ్‌పూర్‌లో ఎవరూ లేరు.

మావాడికి కొత్త వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఇల్లు ఊడవడానికి ఒక గుండ్రటి యంత్రం కొన్నాడు. అది గదంతా వదిలేసి గోడవారగా తిరిగి తిరిగి, చివరికి మంచం కింద దూరి, వేలాడుతున్న నా చీర అంచు మింగి, వచ్చి కాపాడమని అరుస్తుంది. దాన్ని బయటికి లాగడానికి నేను మంచం కింద పాకే పాకుడికి, చీపురు పట్టుకుంటే మూడు గదులూ ఊడ్చేసి ఉందును. దీపాలన్నీ ఫోనుతో వెలుగుతాయి. నెట్ పోయిన రోజు కరెంటు ఉండి కూడా చీకట్లో కూర్చుంటాం. నా మణికట్టుకి ఒక గడియారం కట్టాడు. గంటసేపు వంటింట్లో నిలబడి పనిచేస్తే, చేతులూపుతూ నడవలేదు కాబట్టి, చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, ఇంక లేవండి అంటుంది. జ్వరమొచ్చి పడుకున్నా లేవమనే అంటుంది. మా అత్తగారు పోయిన ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ మాట వింటున్నాను. హాల్లో ఒక డబ్బా ఉంది, అడిగితే బయట వాన పడుతోందో లేదో చెబుతుంది. ఆ డబ్బా ఉండేది కిటికీలోనే. ఇవన్నీ అంటే కిరణ్, "నువ్వు పాతకాలం మనిషివమ్మా, నీకివన్నీ కొత్త" అని నవ్వేస్తాడు.

నేను మెట్టు మీద చతికిలబడడం చూసి ఎదురింటి బెంగాలీ బౌదీ, అంటే వదినగారు, "కీ హోలో దీదీ?" అని ఏమైందో అడుగుతూ పరుగున వచ్చింది. సంగతి చెబితే నోరు నొక్కుకుని నవ్వి, నా చేపల్ని తన ఫ్రిజ్‌లో పెట్టి, నాకొక పేము పీట తెచ్చి వేసింది. ఆ పీట మీద కూర్చుని, నా ఇంటి తలుపుకేసి చూస్తూ ఉంటే కడుపు మండిపోయింది. నాకివి కొత్తట! నేను పెరిగిన ఇంట్లో కోడ్ చెప్పందే ఉప్పుపొట్లం కూడా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఆ యంత్రం పేరు అప్పలనరసింహం. మా నాన్న.

నాన్న ఖరగ్‌పూర్‌కి రెండు స్టేషన్ల అవతల ఒక చిన్న స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. మేము ఖరిదా దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. పక్క స్టేషన్ వాళ్ళు ఫోన్ చేసి, ఫలానా బండి పంపించమంటారా అని అడుగుతారు. నాన్న లేచి బయటికి వెళ్ళి, లైను ఖాళీగా ఉందని కళ్ళారా చూసుకుని, సరే పంపించండి అంటాడు. కానీ ఆ 'సరే' ఒక్కటీ చాలదు. సొరుగులో ఒక షీటు ఉంటుంది. దాని మీద ఒక వరసంటూ లేని రెండంకెల నంబర్లు అచ్చువేసి ఉంటాయి. వాటిలో పై నుంచి తర్వాత రావలసిన నంబరు చదివి చెప్పాలి, దాన్ని గీత కొట్టాలి, పక్కన బండి పేరూ టైమూ రాయాలి. అవతలివాడు తను విన్న మాటని పొల్లుపోకుండా తిరిగి చెప్పి, ఆ నంబరు తన రిజిస్టర్లో ఎక్కించుకోవాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. షీటు చూడకుండా నోటికొచ్చిన నంబరు చెప్పడం ఘోరమైన తప్పు. షీటు చూడనివాడు లైను మాత్రం చూసి ఉంటాడా అని పైవాళ్ళ అనుమానం, అది న్యాయమే కూడా. ఇవాళ మీ ఫోనులో టింగుమని వచ్చే కోడ్‌కి ముత్తాత ఆ నంబరే. కాకపోతే ఆ ముత్తాత కోసం ఒక మనిషి ఎండలోకీ వానలోకీ లేచి వెళ్ళి పట్టాలకేసి చూసేవాడు.

ఉద్యోగం స్టేషన్లో ఉండిపోతే గొడవే లేదు. నాన్న దాన్ని ఇంటికి తెచ్చాడు. పారేసిన పాత ఫారాల వెనకవైపు గళ్ళు గీసి, తనకి తోచిన నంబర్లు నింపి, అచ్చం స్టేషన్ షీటులాంటిదే ఒకటి తయారుచేసి వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించాడు. చివరి గడికి 'రిమార్కులు' అని పేరు కూడా పెట్టాడు, స్టేషన్ ఫారాల్లో ఉంటుంది కాబట్టి. ఇంట్లో ఎవరైనా ఏదైనా ముఖ్యమైన సంగతి చెబితే ఆయన దాన్ని తిరిగి చెప్పి నంబరు ఇస్తాడు. ఆయన చెబితే మేము తిరిగి చెప్పాలి. ఏది ముఖ్యమైన సంగతి అంటే, ఆయన దృష్టిలో ముఖ్యం కాని సంగతి ప్రపంచంలో లేదు.

పొద్దున్నే వంటింట్లో బొగ్గుల పొయ్యి పొగ, పక్కవాళ్ళింటి నుంచి ఆవనూనె ఘాటు, గంజి పెట్టిన తెల్లకోటుకి ఇస్త్రీ చేస్తున్న వాసన, వీటన్నిటి మధ్య మా ఇంట్లో మాటలు ఇలా సాగేవి.

"ఏండీ, ఉప్పు అయిపోయినాది. వచ్చినప్పుడు తెండి" అనేది అమ్మ.

"ఉప్పు అయిపోయినాది. వచ్చినప్పుడు తేవాల. నంబర్ పద్దెనిమిది. వినిపించినాదా?"

"వినిపించినాది. బేగి ఎల్లండి, లోకల్ బండి కూతేసీసినాది."

"నంబర్ తిరిగి సెప్పలేదు నువ్వు."

"పద్దెనిమిదండీ బాబూ, పద్దెనిమిది!"

అప్పుడు గానీ ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు కాదు. నేను బడికి వెళ్తున్నానన్నా నంబరే. మిల్లుకెళ్ళి పిండి మరపట్టించుకు రమ్మన్నా నంబరే. కాలనీలో తెలుగువాళ్ళంతా, అప్పలనరసింహం ఇంట్లో తుమ్మాలన్నా లైన్ క్లియర్ కావాలని నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అది గొప్పగా ఉండేది. బళ్ళో స్నేహితురాలు పుస్తకం అడిగితే, ముందు నువ్వన్న మాట తిరిగి చెప్పు అని నిలదీసి దాని చేత తిట్లు తిన్నాను. అమ్మకి ఈ పద్ధతి నచ్చిందో లేదో మేమెప్పుడూ అడగలేదు. ఆవిడ నాలుగో తరగతి వరకూ చదువుకుంది, పెన్సిల్ ముక్క ఒకటి కొప్పులో దోపుకుని తిరిగేది, నాన్న వెళ్ళాక షీటు దగ్గర నిలబడి రిమార్కుల గడిలో చీమల్లాంటి అక్షరాలతో ఏదో రాసేది. ఏం రాస్తోందో చూడాలని నాన్నకి గానీ నాకు గానీ ఒక్కనాడూ తోచలేదు.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరుతూ నాన్న గేటు దగ్గర నిలబడి షీటు చేత్తో పట్టుకుని అమ్మకి కిరసనాయిలు నంబరు ఇస్తుండగా లోకల్ కూతేసింది. ఆయన షీటు మడిచి కోటు జేబులో కుక్కుకుని పరిగెత్తాడు. సాయంత్రం వచ్చి మళ్ళీ మేకుకి తగిలించాడు. మర్నాడు ఆ స్టేషన్‌కి తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పక్క స్టేషన్ రిజిస్టర్లో, ముందురోజు ఒక ప్యాసింజర్ బండికి మా నాన్న ఇచ్చిన నంబరు అరవై మూడు అని ఉంది. నాన్న స్టేషన్ షీటులో అరవై మూడు అనే నంబరే లేదు. నోటికొచ్చింది చెప్పాడని రాసుకుని ఆ పూటే ఆయన్ని డ్యూటీ నుంచి దింపేశారు. బండికేమీ కాలేదు, లైను నిక్షేపంలా ఖాళీగానే ఉంది. కానీ ఎంక్వైరీలో తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు క్వార్టరూ పోతుంది. ముగ్గురం ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

నేను చూసిన మగవాళ్ళలో అంతలా చిక్కిపోయినవాడు ఇంకొకడు లేడు. ఆయనకి ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, తన మతి తనని మోసం చేసిందన్న భయం ఎక్కువ. మంచం మీద కూర్చుని, చేతులకేసి చూసుకుంటూ అదే మాట. "షీట్ సూసే ఇచ్చినానే. నా కళ్ళతో సూసినాను, అరవై మూడు అని ఉంది. బయటికెల్లి లైనూ సూసినాను. షీట్లో నేదంటన్నారు. నాకేటైనాదే? పిచ్చెక్కుతందేటే నాకు?" అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చేది. పది రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నంబరు ఇవ్వలేదు. ఉప్పు అయిపోతే నేను వెళ్ళి తెచ్చాను, ఎవరూ తిరిగి చెప్పమనలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు చచ్చేంత భయం వేసింది.

పదకొండో రోజు అమ్మకి ఏం కోపమొచ్చిందో, మేకుకి ఉన్న షీటుని ఒక్క గుంజు గుంజి పొయ్యిలో పెట్టబోయింది. పెట్టబోయి ఆగింది. షీటు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "సత్యా, ఇలా రాయే. ఇది మీ నాన్న రాతేనా?" అంది. నేను చూశాను. అరవై మూడు అన్న నంబరు మీద ఎర్రసిరా గీత. పక్కన నాన్న దస్తూరీతో ఇంగ్లీషులో బండి పేరు, టైము. మా ఇంటి షీటులో, ఉప్పూ చింతపండూ కిరసనాయిలూ కింద, ఒక ప్యాసింజర్ బండి! నేను కెవ్వున కేకేశాను. స్టేషన్లో ఫోన్ మోగినప్పుడు నాన్న చెయ్యి సొరుగులోకి పోవడం మానేసి జేబులోకి పోయింది. గళ్ళు అవే, సైజు అదే, రాత కూడా తనదే. ఆయన మతి పోలేదు. షీటు చూశాడు, లైను చూశాడు, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. కాకపోతే ఆ బండి మా వంటింటి లైను మీద వెళ్ళింది. లోకంలో ఈ తప్పు చెయ్యగలిగినవాడు మా నాన్న ఒక్కడే.

నేను పక్కగదిలో ఉన్న నాన్న దగ్గరికి పరిగెత్తబోతే అమ్మ నా జడ పట్టుకుని ఆపింది. "ఉండు. ఈ కాయితం ఆల్లకి ఇవ్వాలా?" అని అడిగింది. ఇవ్వకపోతే ఎలాగమ్మా, ఇదే సాక్ష్యం అన్నాను. "మొత్తం సదువుతారా?" అంది. ఎందుకు చదవరు అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "రబ్బరు తే" అంది. నా బడిసంచిలోంచి రబ్బరు తెచ్చిచ్చాను. రిమార్కుల గడి మీద ఒకచోట రబ్బరు ఆనించి ఆగిపోయింది. రైల్వే కాగితంలో చెరిపివేత ఉండకూడదని, చెరిపినవాడు దొంగ కింద లెక్కని నాన్న మాకు పాఠంలా చెప్పేవాడు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలి, కిందిది కనబడుతూ ఉండాలి. "సెరిపితే దొంగ కాయితమంటారు. మీ నాన్న డూటీ పోతాది" అని అమ్మ తనలో తను అనుకుని రబ్బరు నాకు తిరిగి ఇచ్చేసింది. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు, అమ్మ అక్షరదోషాలకి సిగ్గుపడుతోందనుకున్నాను.

ఎంక్వైరీకి ముగ్గురం వెళ్ళాం. ఆఫీసరు ఒక బెంగాలీ పెద్దమనిషి. తెలుగు కాగితం కాబట్టి ఇంగ్లీషులోకి చెప్పడానికి మూర్తిగారని తెలుగు గుమాస్తాని కూర్చోబెట్టారు. ఆయన అమ్మ చీమల అక్షరాలని కళ్ళజోడు ఎత్తీ దించీ చూసి, "నావల్ల కాదు గానీ, పాపా, నువ్వు సదువు, నాను సెప్తాను" అన్నాడు. తెలుగు వాచకం చదవడంలో మా బళ్ళో నా తర్వాతే ఎవరైనా. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తి మొదలుపెట్టాను.

"పద్దెనిమిది. ఉప్పు. తిరిగి సెప్పినారు. తెచ్చినారు."

మూర్తిగారు ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు నవ్వాడు.

"నలభై నాలుగు. చింతపండు. తిరిగి సెప్పినారు. తేలేదు. ఏడు. పిల్లకి జొరం. తిరిగి సెప్పినారు. డూటీకెల్లిపోయినారు."

ఆఫీసరు టేబులు మీద చరిచి మరీ నవ్వాడు. "బహుత్ అచ్ఛా! ఆగే పఢో బేటీ" అన్నాడు. నాన్న కూడా పది రోజుల్లో మొదటిసారి చిన్నగా నవ్వాడు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చి గొంతు ఇంకొంచెం పెంచాను.

"ఇరవై తొమ్మిది. అమ్మకి బాగోనేదని సోంపేట నించి కార్డు వచ్చినాది. సూడ్డానికి ఎల్తాను, పాస్ రాయించమన్నాను. తిరిగి సెప్పినారు. నంబర్ ఇచ్చినారు. డెబ్బై ఒకటి. పాస్ గురించి మల్లీ అడిగినాను. తిరిగి సెప్పినారు. నంబర్ ఇచ్చినారు. యాభై నాలుగు. మల్లీ అడిగినాను. నంబర్ ఇచ్చినారు."

దాని కింద గడిలో నంబరు లేదు. రెండే మాటలు ఉన్నాయి. అవి కూడా అదే రాగంతో చదివేశాను.

"టెలిగ్రాం వచ్చినాది."

చదివాక గానీ నేనేం చదివానో నాకు తెలియలేదు. ఎంక్వైరీకి నెల ముందే మా అమ్మమ్మ పోయింది. టెలిగ్రాం అందాక నాన్న తెలిసిన గార్డుకి అప్పగించి అమ్మని బండెక్కించాడు గానీ, ఆవిడ సోంపేటలో దిగేసరికి అన్నీ అయిపోయాయి. రైల్వేవాళ్ళకిచ్చే ఉచిత పాస్ లేకపోతే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళచ్చు కదా అని ఈ కాలం వాళ్ళు అడుగుతారు. మా కాలనీలో రైల్వేవాడి పెళ్ళాం టిక్కెట్టు కొని రైలెక్కడమంటే మొగుడు ఇంట్లోంచి గెంటేశాడని చెప్పుకునేవాళ్ళు. అందుకని ఆవిడ పాస్ కోసం మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నాన్న ఒక్క అక్షరం తప్పకుండా తిరిగి చెప్పాడు. మూడుసార్లూ నంబరు ఇచ్చాడు. నంబరు ఇచ్చాక ఆ పని అయిపోయినట్టే ఆయన లెక్క.

మూర్తిగారు ఆ నాలుగు గళ్ళూ ఇంగ్లీషులో చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆఫీసరు నవ్వడం మానేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను నాన్నకేసి చూడలేకపోయాను. అమ్మ నేలకేసి చూస్తూ కూర్చుంది. సిగ్గుతో కాదు, కోపంతోనూ కాదు, ఆవిడ అలిసిపోయింది. ఆఫీసరు అరవై మూడో నంబరు దగ్గర నాన్న రాసిన బండి పేరు చూసి, సిరా చూసి, స్టేషన్ షీటుతో పక్కపక్కన పెట్టి చూసి, ఈ మనిషి తెలివితక్కువ పని చేశాడు గానీ అబద్ధం చెప్పలేదని రాశాడు. మందలించి వదిలేశారు, మళ్ళీ డ్యూటీలో చేరమన్నారు. మూర్తిగారు బయటికి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని, "బతికిపోయినావురా, మీ ఆవిడ రిమార్కులే నిన్ను కాసినాయి. అంత వివరంగా రాసిన కాయితం దొంగదని ఎవుడంటాడు?" అన్నాడు.

ఈ కథ ఎప్పుడు చెప్పినా జనం మొదటి సగం దగ్గర నవ్వేస్తారు. నేనూ చాలా ఏళ్ళు మొదటి సగమే చెప్పి ఊరుకున్నాను. ఆ రోజుల్లో మాటకి విలువుండేదనీ, చెప్పినదాన్ని తిరిగి చెప్పేవాళ్ళమనీ, ఇప్పటిలా ఫోనులో బొమ్మ ఒకటి పడేసి చేతులు దులుపుకునేవాళ్ళం కాదనీ టీచరుగా బళ్ళో పిల్లల ముందు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. రిటైరయ్యే దాకా ఇచ్చాను, సిగ్గు లేకుండా. మొన్న పేము పీట మీద కూర్చుని ఏమీ తోచక ఫోను తీసి మా ఇంటి గ్రూపు చూశాను. మా ఇంటికి గ్రూపు అంటే మేం ముగ్గురమే. ఒకే కప్పు కింద ఉంటాం, దాని పేరు 'హోమ్ స్వీట్ హోమ్'. కిరణ్ పెట్టాడు. పైకి జరుపుతూ పోతే నాలుగు రోజుల క్రితం మా కోడలు రాసిన మాట కనబడింది. "ఒంట్లో అస్సలు బాగోలేదు. ఈ వారం వంట నావల్ల కాదు, ఎవరైనా చూసుకోండి." దాని కింద మావాడు పెట్టిన బొటనవేలు బొమ్మ. దాని కింద నేను పెట్టిన బొటనవేలు బొమ్మ. మర్నాడు పొద్దున్న నేనే పంపించిన గులాబీపువ్వు, శుభోదయం. ఈ నాలుగు రోజులూ వంట ఎవరు చేశారో నాకు బాగా తెలుసు, కంచం ముందు కూర్చుని చారులో ఉప్పు తక్కువైందని అన్నది కూడా నేనే.

నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఎండకి అని అబద్ధం చెప్పను. చూశాను, చదివాను, బొమ్మ నొక్కాను, నొక్కగానే నా వంతు అయిపోయింది. మా నాన్న కనీసం ఆ మాటని తన నోటితో ఒకసారి పలికేవాడు. నేను అదీ చెయ్యలేదు. ఈ డబ్బాలూ చక్రాలూ గడియారాలూ మనుషుల్ని చెడగొట్టాయని అంటూ తిరుగుతున్నాను గానీ, చెడిపోవడానికి మాకు యంత్రం అక్కర్లేకపోయింది, ఒక కాగితం ముక్కా మేకూ సరిపోయాయి. ఇప్పుడు అదే పని చాలా తొందరగా అవుతోంది, అంతే. వెంటనే శ్రావణికి ఫోన్ చేశాను. తలుపు సంగతి కాదు, ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగాను. "ఇప్పుడా అత్తయ్యా, అడగడం?" అంది ఆ పిల్ల. తిట్టినట్టు అనలేదు. తర్వాత నా సంగతి విని, బ్యాంకులో కూర్చునే తన ఫోను మీద ఏదో నొక్కింది. ఇక్కడ తలుపు దానంతటదే టక్కుమని తెరుచుకుంది. ఎదురింటి బౌదీ చప్పట్లు కొట్టింది. నేను లోపలికి వెళ్ళి కందిపప్పు నానబోశాను.

ఆ పప్పు కడుగుతుంటే ఎంక్వైరీ అయిన రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆఫీసు నుంచి ఖరిదా దాకా ముగ్గురం నడిచే వచ్చాం. ఉద్యోగం నిలబడిందని కాలనీవాళ్ళు గుమ్మాల్లోంచి పలకరిస్తూనే ఉన్నారు, నాన్న తలూపుతూనే ఉన్నాడు. ఇంటికి రాగానే అమ్మ చీర కూడా మార్చుకోకుండా పొయ్యి ముందు కూర్చుని బొగ్గులు రాజేయడం మొదలుపెట్టింది. నాన్న తెల్లకోటు విప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను బియ్యం చేట పట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చుని ఉన్నాను. ఆయన అమ్మని 'ఏటే, ఒసే' అని పిలవడమే గానీ పేరుతో పిలవగా వినలేదు.

"పైడమ్మా" అన్నాడు. "రేపే పాస్ రాయిస్తాను. మొదట ఆ పనే సేస్తాను. సోంపేట ఎల్లొద్దాం."

అమ్మ విసనకర్ర ఆపింది. తలెత్తి ఆయనకేసి చూసింది.

"ఎవుల్ని సూడ్డానికండీ?" అంది.

నాన్న నోరు తెరిచాడు. జీవితమంతా విన్న ప్రతి మాటనీ తిరిగి చెప్పిన మనిషి, ఆ మాట తిరిగి చెప్పలేకపోయాడు.